మైపాడు నుంచి నిజాంపట్నం దాకా: పదహారడుగుల పడవలో వారం ప్రయాణానికి ఇప్పటిదాకా కుదిరిన లెక్కలు

ఫాల్గుణ పౌర్ణమితో తిరుమలలో తెప్పోత్సవాలు ముగుస్తాయి. ఆ మర్నాడు తెల్లవారుజామున మా తెరచాప పడవ మైపాడు దగ్గర సముద్రంలో దిగాలి. తెప్ప మీద స్వామిని చూసుకుని బయలుదేరాలన్నది ఒక కోరిక. వెన్నెల రెండో కారణం. పౌర్ణమి దాటాక వారం రోజులూ తెల్లవారేసరికి చంద్రుడు ఆకాశంలోనే ఉంటాడు. నాలుగున్నరకే ఒడ్డు వదిలేవాళ్లకు వలల మీది బెండ్లు, జెండా కర్రలు కనిపించాలంటే ఆ వెలుగు కావాలి.

ఉత్తరానికే ఎందుకని తిరుపతిలో అందరూ అడుగుతున్నారు. మాకు దగ్గరి నీళ్లు పులికాట్, దాని అవతల శ్రీహరికోట. మిద్దె మీద నిలబడి రాకెట్ చూసే ఊరు మాది. ఆ దీవి పక్కన సముద్రంలో ఊరికే తిరగడానికి వీల్లేదు, ప్రయోగాల రోజుల్లో చాలా దూరం దాకా పడవల్ని రానివ్వరు. పులికాట్‌లో సగటు లోతు మీటరే. పైగా అది పక్షుల అభయారణ్యం. బకింగ్‌హామ్ కాలువ కూడా ఆలోచించాను. 1876-78 కరువులో కూలి పనిగా తవ్వించిన భాగాలున్న కాలువ అది. పెదగంజాం దాకా తీరం వెంటే పోతుంది. ఇప్పుడు పూడిక, పైన తక్కువ ఎత్తు వంతెనలు. తెరచాప కొయ్యతో కుదిరే పని కాదని వదిలేశాను.

దారి లెక్క సులువు. మైపాడు నుంచి కొత్తపట్నం దాకా మన తీరం దాదాపు నిట్టనిలువు, దక్షిణం నుంచి ఉత్తరానికి. అక్షాంశంలో ఒక నిమిషం ఒక నాటికల్ మైలు, అంటే 1.852 కిలోమీటర్లు. మ్యాపులో అక్షాంశాల తేడా చూస్తే దూరం తెలిసిపోతుంది. మైపాడు నుంచి జువ్వలదిన్నె సుమారు 17 మైళ్లు, అక్కడి నుంచి రామాయపట్నం 15, తర్వాత కొత్తపట్నం 25. ఆపైన తీరం తూర్పుకు వంగుతుంది గనక వాడరేవుకు 24, నిజాంపట్నానికి 18 వేసుకున్నాను. మొత్తం 99. అయిదు రోజుల నడక, రెండు రోజులు చేతిలో. ఆ రెండు రోజులూ గాలి బాగాలేనప్పుడు ఒడ్డున కూర్చోవడానికే. వాటిని ముట్టుకోకూడదని నేనూ మా బావమరిదీ మాటనుకున్నాం.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో తీరం వెంట సముద్ర ప్రవాహం కూడా ఉత్తరానికే. అక్టోబరు తర్వాత అది దక్షిణానికి తిరుగుతుంది. ఈ కాలంలో బంగాళాఖాతంలో తుపాన్లు చాలా అరుదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవలకు చేపల వేట నిషేధం. అప్పుడు సముద్రం మీద సాయానికి వచ్చే పడవలూ తగ్గిపోతాయి. అందుకే మార్చి దాటనివ్వలేదు.

జనవరిలో మైపాడు వెళ్లి వచ్చాక పాత పథకం మొత్తం మారింది. అప్పటిదాకా పొద్దున ఏడుకు బయలుదేరి సాయంత్రం నాలుగుకు ఒడ్డు చేరాలని రాసుకున్నాను. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయనకు ఆ కాగితం చదివి వినిపించాను. ఆయన తల ఎత్తకుండానే అడిగాడు: "నాలుక్కి వస్తావా నాయనా? ఆ టయానికి అల యాడ ఇరుగుతాదో చూసినావా?" నేను చూడలేదు. "అయితే ఈడ కూచోని చూడు" అన్నాడు.

మధ్యాహ్నం రెండు నుంచి అయిదు దాకా ఆయన పక్కనే కూర్చున్నాను. నీళ్ల కింద రెండు ఇసుక మేటలున్నాయి, ఒకటి ఒడ్డుకు దగ్గర, ఇంకొకటి కొంచెం సముద్రం లోపల. రెండింటప్పుడు లోపలి మేట మీద అల ఊరికే ఉబ్బి పోతోంది. ఆగ్నేయం గాలి పెరిగేకొద్దీ, మూడున్నరకల్లా అక్కడా తెల్లగా విరగడం మొదలైంది. పెద్ద అలలు గుంపుగా వస్తాయి, తర్వాత కాస్త తెరిపి. పెద్దాయన వేళ్ల మీద లెక్కపెట్టి ఆ తెరిపిని చూపించాడు. మర్నాడు పొద్దున ఆరింటికి అదే చోట పడమటి గాలి, లోపలి మేట మీద నురగే లేదు.

తెరచాప పడవ నడపడం మాకు కొంత వచ్చు. హుస్సేన్ సాగర్‌లో నేర్చుకున్నాను. ఒడ్డు చేరడం అక్కడ ఎవరూ నేర్పలేదు. అందుకే ఇప్పుడు రోజు లెక్క చివరి నుంచి మొదలవుతుంది: పదకొండున్నరకల్లా ఒడ్డున ఉండాలి. కొత్తపట్నం రోజునే తీసుకోండి. నాలుగున్నరకు బయలుదేరితే నేల మీది నుంచి వచ్చే పడమటి గాలితో గంటకు నాలుగు మైళ్లు, ఎనిమిదిన్నరకు 16 మైళ్లు. తర్వాత ఆ గాలి పడిపోతుంది. మిగిలిన 9 మైళ్లు చిన్న అవుట్‌బోర్డ్ ఇంజనుతో రెండుంబావు గంటలు, అంటే పదకొండుకు ముందే. మా ఇంజను గంటకు లీటరు లోపే తాగుతుంది. రోజంతా గాలి లేకపోయినా ఏడు లీటర్లు చాలు. పది లీటర్లు పెట్టుకుంటున్నాం. ఆలస్యమైతే రెండు మేటలకూ బయట లంగరు వేసుకుని ఆగాలి. మరీ తప్పకపోతే రాత్రంతా అక్కడే.

అందుకని లంగరు మీద డబ్బు దాచుకోలేదు. ఇసుకలో దిగబడే రెండు రెక్కల లంగరు 6 కిలోలు, దానికి 3 మీటర్ల గొలుసు, 10 మి.మీ. నైలాన్ తాడు 50 మీటర్లు. రెండు బారల లోతుంటే పద్నాలుగు బారల తాడు వదలాలి, ఏడు రెట్లు. తాడుకు బార బారకూ రంగు దారం కట్టాను, చీకట్లో చేతికి తెలిసేలా అయిదో బార దగ్గర ముడి.

ఒడ్డు చేరే పద్ధతిని తూపిలిపాలెంలో రెండుసార్లు సాధన చేశాం. అల విరిగే చోటుకు బయటే తెరచాప దించి, వెనక నుంచి లంగరు వేసి, ఆ తాడు కొద్దికొద్దిగా వదులుతూ తెడ్డుతో ఒడ్డుకు రావాలి. తాడు బిగువుగా ఉన్నంతసేపు పడవ అడ్డం తిరగదు. మొదటిసారి పడవ బాగానే వచ్చింది గానీ చుక్కాని అడుగు ఇసుకకు తగిలి కొక్కెం వంగింది. ఇప్పుడు చుక్కాని ఆకును మడత బందు మీద బిగించి, రబ్బరు తాడు కట్టించాను. నేల తగిలితే దానంతటదే పైకి లేస్తుంది. పడవ అడుగున నీళ్లలోకి దించే నడిమి పలక కూడా అలాంటిదే. పైకి లాగితే పడవకు జానెడు నీళ్లు చాలు. వల దాటేటప్పుడూ రెండూ పైకే.

ట్రెయిలర్ రేణిగుంటలో వెల్డింగ్ చేయించాను. పడవ, కొయ్య, సామాను, ట్రెయిలర్ కలిపి 480 కిలోలు. నాయుడుపేట రోడ్డు మీద అరవై దాటగానే తోక ఊగడం మొదలైంది. కారు కొక్కెం మీద పడే బరువు తూస్తే 22 కిలోలే ఉంది. పడవను ముందుకు జరిపి, లంగరు, నీళ్ల డబ్బాలు ముందుకు మార్చి 40 చేశాక ఎనభైలో కూడా ఊగలేదు. మొత్తం బరువులో ఏడు నుంచి పది శాతం ముందు పడాలి. ఇంకోటి, చక్రాల బేరింగులను ఉప్పునీళ్లలో ముంచకండి. మైపాడులో ట్రాక్టరుతో ఇసుక మీదే దించుతామని మాట్లాడుకున్నాం.

కొయ్య ఎత్తేముందు తల పైకెత్తి కరెంటు తీగలు చూడాలి. అల్యూమినియం కొయ్య ఆరున్నర మీటర్లు. వీధిలో ఒక్కసారి కూడా ఎత్తలేదు, ఖాళీ మైదానానికి తీసుకుపోయే సాధన చేశాం.

తిండి బావమరిది చూసుకుంటున్నాడు. బొరుగులు, శెనక్కాయలు, ఊరగాయ, పొడులు. పొద్దున రాగి అంబలి ముందు రాత్రే కాచి ఫ్లాస్కులో. సంగటి కావాలని నేనడిగితే, "బావా, ఊగే పడవలో సంగటి గెలకడం వద్దు, ఒడ్డున చేస్తా" అన్నాడు. నీళ్లు మనిషికి రోజుకు నాలుగు లీటర్లు. మూడు రోజులకు 24, పైన ఆరు అదనం, అయిదేసి లీటర్ల డబ్బాల్లో. దారి ఊళ్లలో నింపుకుంటాం.

రోజూ ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర సంస్థ) అలల సమాచారం చూసి, మీటరున్నర దాటితే కదలకూడదన్నది మా నియమం. తీరానికి మూడు మైళ్ల లోపే ఉంటాం. కోస్ట్ గార్డ్ అత్యవసర నంబరు 1554 పడవ లోపల రంగుతో రాశాను. ఏ రోజు ఎక్కడ దిగుతామో రాసి దారిలోని మెరైన్ పోలీసులకు ఉత్తరాలు పంపాను. ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం ఇదే, కాబట్టి రాత్రి ఒడ్డున తెల్ల దీపాలు వెలిగించం. ఎర్ర కాగితం చుట్టిన టార్చి ఒక్కటే.

ఇంకా మిగిలినవి: పెద్ద గాలికి తెరచాప కుదించే తాళ్లు రెండో వరసకు కుట్టించాలి, కొత్తపట్నం ఒడ్డు మధ్యాహ్నం పూట ఒకసారి చూసి రావాలి. వచ్చే ఆదివారం కారులో వెళ్తున్నాం. పెద్దాయన కూడా వస్తానన్నాడు.