అమ్మతో అయుత్తయలో ఒక రోజు

కాళ్లు పీకేస్తున్నాయి. అయినా పడుకునేలోపే రాసి పెట్టుకోవాలి, తెల్లారితే పేర్లన్నీ కలగాపులగం అయిపోతాయి.

పొద్దున ఆరున్నరకే వ్యాన్ వచ్చింది. బ్యాంకాక్ నుంచి ఉత్తరంగా సుమారు 80 కిలోమీటర్లు. మాతో కలిపి ఎనిమిది మంది. గైడు ముప్పై అయిదేళ్లావిడ, మాటలో మంచి నిదానం. "నన్ను ఫీ అని పిలవండి, అక్క అని అర్థం" అంది. మా అమ్మను మాత్రం మొదటి నుంచీ "మే" అనే పిలిచింది. మే అంటే వాళ్ల భాషలో అమ్మ. ఆ సంగతి చెప్పగానే అమ్మ కిటికీ పక్క సీటు వదిలేసి, ఆవిడ వెనక సీట్లోకి మారింది. ఇక రోజంతా ఆవిడ వెంటే.

అయుత్తయ మూడు నదుల నడుమ దీవిలా ఉన్న ఊరు. చావో ఫ్రయా, లోప్‌బురి, పా సక్. 1350లో ఈ రాజధానిని కట్టించిన రాజు బిరుదు రామాతిబొది. "రామాధిపతి!" అంది అమ్మ, నేను నోరు తెరిచేలోపే. ఊరి పేరు మన అయోధ్య నుంచి వచ్చిందే. అక్కణ్ణుంచి అమ్మకు అదే పని. ఫీ ఒక్కో గుడి పేరు చెప్పడం, అమ్మ దాన్ని నోట్లో రెండు మూడుసార్లు తిప్పి విడదీయడం. మహాథాత్ అంటే మహాధాతువు. చై మొంగ్‌ఖొన్ అంటే జయమంగళం. ఫ్ర సీ సన్‌ఫెత్ దగ్గర మాత్రం ఆగిపోయింది. "అన్నీ తెలిసినవాడు అని అర్థం" అని ఫీ అందించగానే "సర్వజ్ఞుడు, శ్రీ సర్వజ్ఞుడు" అని తేల్చేసింది. ఇంగ్లీషు రాకపోయినా ఆ వ్యాన్‌లో అందరికంటే ఎక్కువ అర్థమైంది మా అమ్మకే అని నా నమ్మకం.

ముందుగా వాట్ మహాథాత్. వాట్ అంటే గుడి. ఫొటోల్లో అందరం చూసిన బుద్ధుడి తల ఉన్నది అక్కడే, చెట్టు వేళ్ల మధ్య. దగ్గరికి వెళ్లి చూస్తే ఫొటో ఎంత తక్కువ చెబుతుందో తెలిసింది. బూడిద రంగు వేళ్లు తాళ్లలా పేనుకుని తల చుట్టూ దిగాయి. ముఖం మీదికి మాత్రం ఒక్క వేరూ రాలేదు. సగం మూసిన కళ్లు, కొసల్లో కాస్త పైకి లేచిన పెదవులు. ఎవరో చేత్తో వేళ్లను పక్కకు జరిపి పట్టుకున్నట్టుగా ఉంది. తల నేలకు దగ్గరగా ఉంటుంది కాబట్టి ఫొటో దిగేవాళ్లు దానికంటే ఎత్తులో ఉండకూడదు, కింద కూర్చోవాలి. మోకాళ్ల నొప్పుల మనిషి, నా చెయ్యి పట్టుకుని మెల్లగా కూర్చుంది అమ్మ. చెప్పులు ఎప్పుడు విడిచిందో నేను చూడనే లేదు. ఎండకు ఇటుకలు కాలుతున్నాయి.

"మిగతా ఒళ్లేదీ?" అని అడిగింది.

ఫీ జవాబు చెప్పకుండా మమ్మల్ని ఆ గోడ పక్కకు తీసుకెళ్లింది. అక్కడ వరసగా కూర్చున్న బుద్ధులు, ఒక్కరికీ తల లేదు. 1767లో బర్మా సైన్యం ఊరిని తగలబెట్టింది. నాలుగు వందల ఏళ్లకు పైగా రాజధానిగా వెలిగిన ఊరు అంతటితో ఆఖరు. "కానీ తలలన్నీ యుద్ధంలోనే పోలేదు. తర్వాత దొంగలు కోసుకుపోయి అమ్ముకున్నవి చాలా ఉన్నాయి" అంది. ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ గొంతు మారింది. ఆ మొండేల వెనక నిలబడి తమ తల పెట్టి ఫొటో దిగొద్దని ముందే అందరినీ బతిమాలుకుంది. మాకు గుంటూరు దగ్గర అమరావతి గుర్తొచ్చింది. స్తూపం ఉన్న చోట ఇప్పుడు మిగిలింది తక్కువ ఎత్తు దిబ్బ, చెక్కిన రాళ్లేమో చెన్నైలో, లండన్‌లో. ఆ సంగతి ఫీకి చెప్పాను. అమరావతి స్పెల్లింగ్ అడిగి తన చిన్న పుస్తకంలో రాసుకుంది.

సీ సన్‌ఫెత్‌లో రాజుల అస్థికలున్న మూడు పెద్ద చేదీలను, అంటే స్తూపాలను, చూశాం. ఎండ మాడ్చేస్తోంది, ఎక్కువసేపు ఉండలేకపోయాం. పక్కనే మొంగ్‌ఖొన్ బొఫిత్ విహారం, లోపల చల్లగా ఉంది. పెద్ద కంచు బుద్ధుడు. అదే మంటల్లో పైకప్పు కూలి ఈ విగ్రహం మీద పడిందట. చాలా ఏళ్లు ఎండకూ వానకూ ఆరుబయటే ఉంది. 1950ల్లో మళ్లీ విహారం కట్టారు. దానికి బర్మా ప్రధాని ఊ నూ విరాళం ఇచ్చారని చెప్పింది ఫీ. అమ్మకు తెలుగులో చెప్పాను. అమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత పర్సు తీసి హుండీలో ఇరవై బాత్‌లు వేసి వచ్చింది.

మధ్యాహ్నం రోతీ సాయ్‌మాయ్ కొన్నాం. ఈ ఊరి ప్రత్యేకం, ఇక్కడి ముస్లిం కుటుంబాలు చేసే మిఠాయి. ఆకుపచ్చటి పల్చని రొట్టెలో దారాల్లాంటి చక్కెర పోగులు పెట్టి చుట్టుకుని తినాలి. అమ్మ ఒక పోగు లాగి వెలుతురులో పట్టి చూసి "పీచుమిఠాయి" అంది. ఫీ "పీచ్... మిఠాయ్" అని నేర్చుకుంది. పోగులు మనదానికంటే కాస్త మొద్దుగా ఉన్నాయి, నోట్లో వెంటనే కరగవు. రొట్టెకు బాస్మతి బియ్యం ఉడుకుతున్న వాసన, పండన్ ఆకుదట.

చివరికి నది అవతల ఒడ్డున చైవత్థనారామ్. 1630లో ప్రాసాత్ థోంగ్ రాజు కట్టించింది. సాయంత్రం ఎండ ఇటుకల మీద పడి గోపురాలన్నీ ఎర్రబారాయి. పాతకాలం పట్టుబట్టలు అద్దెకు కట్టుకుని అమ్మాయిలు మెట్ల మీద ఫొటోలు దిగుతున్నారు. అమ్మ నదికెదురుగా కూర్చుని "జయ, వర్ధన, ఆరామం" అని వేళ్లు మడుస్తోంది.

ఫీ వచ్చి పక్కన కూర్చుంది. "మే, మీ దేశంలో ఉన్న అయోధ్య చూశారా?" అని నన్ను అడగమంది.

"లేదమ్మా. ముందు మీదే చూశాను" అంది అమ్మ. నేను ఇంగ్లీషులోకి మార్చి చెప్పాను. ఫీ రెండు చేతులూ జోడించి, నుదురు వేళ్లకు తగిలేదాకా తల వంచింది.

తిరుగు ప్రయాణంలో అమ్మ మిగిలిన మిఠాయి పొట్లం ఒళ్లో పెట్టుకుని నిద్రపోయింది. హోటల్లో దింపేటప్పుడు ఫీ దగ్గర ఆ పొట్లం విప్పి, సగం ఆవిడ చేతిలో పెట్టింది.