రేడియేషన్ తర్వాత నోట్లో ఫంగస్

గొంతుకు రేడియేషన్ అయిపోయి, నోటి పుండ్లు మానే దశలో మంట మళ్లీ ఎక్కువైతే, అదీ చికిత్స ప్రభావమేనని సరిపెట్టుకోకూడదు. నాకు వచ్చింది కాండిడా. ఈ ఫంగస్ మామూలుగానే చాలామంది నోట్లో ఉంటుంది. లాలాజలం తగ్గి, తెల్ల రక్తకణాలు పడిపోయి, పైగా యాంటీబయాటిక్స్, స్టెరాయిడ్లు కూడా వాడితే దానికి పట్టపగ్గాలుండవు.

పెరుగు తరకల్లాంటి తెల్లపూత గాజుగుడ్డతో తుడిస్తే ఊడి, కింద ఎర్రగా, ఒక్కోసారి రక్తం చెమర్చుతూ కనిపిస్తే అనుమానం బలపడుతుంది. రేడియేషన్ పుండు మీది పొర అంత తేలిగ్గా రాదు. అయితే అసలు తెలుపే లేని రకం కూడా ఉంది: నాలుక నున్నగా ఎర్రబడి మండుతుంది, పెదవుల మూలలు పగులుతాయి. నాది అదే. ఇలాంటిది కంటితో చూసి తేల్చడం కష్టం, స్వాబ్ (దూదిపుల్లతో నమూనా) తీయించడం మేలు.

ముందు ఇచ్చింది ఫంగస్‌ను అణిచే నిస్టాటిన్ ద్రవం: మిల్లీలీటరుకు లక్ష యూనిట్లు, 5 మి.లీ. చొప్పున రోజుకు 4 సార్లు. ఇది రక్తంలోకి దాదాపు చేరదు, తగిలిన చోటే పనిచేస్తుంది. కాబట్టి గుటుక్కున మింగితే దండగే. సీసా బాగా కుదిపి, రెండు బుగ్గల్లోకీ సగం సగం పోసుకుని, కొన్ని నిమిషాలు నోరంతా తిప్పి అప్పుడు మింగాలి. తర్వాత అరగంట నీళ్లు కూడా వద్దు. క్రిములను చంపే క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ పుక్కిలిస్తుంటే రెంటికీ కనీసం అరగంట ఎడం ఉండాలి, కలిస్తే ఒకదాన్నొకటి దెబ్బతీస్తాయి. ఫంగస్‌కే ఇచ్చే, చప్పరించే క్లోట్రిమజోల్ బిళ్ల కరగాలంటే లాలాజలం కావాలి, ఎండిన నోట్లో అది గీరుకోవడమే. కట్టుడు పళ్లుంటే మందు వేసుకునే ముందు తీసేయాలి, రాత్రిళ్లు పెట్టుకోకూడదు, రోజూ తోమాలి. లేదంటే ఫంగస్ వాటి మీంచే మళ్లీ అంటుకుంటుంది.

మింగుతుంటే రొమ్ము ఎముక వెనక నొప్పి వచ్చిందంటే అన్నవాహిక దాకా దిగి ఉండొచ్చు. అక్కడ నిస్టాటిన్ చాలదు. డాక్టర్లు సాధారణంగా ఒళ్లంతా పనిచేసే ఫంగస్ మందు ఫ్లూకోనజోల్ రోజుకు 200 నుంచి 400 మి.గ్రా., 14 నుంచి 21 రోజులు రాస్తారు. నొప్పి పోయిందని మధ్యలో ఆపితే తిరగబెడుతుంది. ఫ్లూకోనజోల్ రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్ ప్రభావాన్ని పెంచుతుంది, వాంతులకు ఇచ్చే ఒండాన్‌సెట్రాన్‌తో కలిస్తే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. అందుకే వాడుతున్న మందులన్నీ ముందే చెప్పాలి. గుణం కనిపించకపోతే కల్చర్ (నమూనాలోని ఫంగస్‌ను ల్యాబ్‌లో పెంచి రకం తేల్చే పరీక్ష) చేయించాలి, ఎందుకంటే కాండిడా క్రూసీ అనే రకం ఈ మందుకు లొంగదు.

నాకు పూత, మంట పోయాయి గానీ నోటి తడి పూర్తిగా తిరిగి రాలేదు. ఆ పొడితనం ఉన్నన్నాళ్లూ ఆల్కహాల్ లేని మౌత్‌వాష్, మెత్తటి బ్రష్, గుటక గుటకగా నీళ్లు తప్పవు. కీమో నడుస్తుండగా జ్వరం 38 డిగ్రీల సెల్సియస్‌కు చేరితే మాత్రం నోటి మందుతో కాలక్షేపం చేయకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.