బొలోన్యాలో నా మొదటి వారం: పోర్టికోల కింద నుంచి కొండ దాకా

తిరుపతిలో పుట్టి పెరిగినవాళ్లకు దిక్కులు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఊళ్లో ఎక్కడ నిలబడి తలెత్తినా ఉత్తరాన కొండ కనిపిస్తుంది. కొండ ఎటుందో తెలిస్తే ఇల్లు ఎటుందో తెలిసిపోతుంది. బైరాగిపట్టెడలో మా మిద్దె మీద కూర్చుని, రాత్రిపూట గాలిగోపురం వెలుగును చూస్తూ పరీక్షలకు చదువుకున్నదాన్ని నేను. భౌతికశాస్త్రంలో మాస్టర్స్ చేయడానికి ఇటలీలోని బొలోన్యాకు వచ్చి నేటికి సరిగ్గా వారం. భాష రాకపోవడానికి, వంట మారడానికి ముందే మనసును సిద్ధం చేసుకుని వచ్చాను గానీ, తలెత్తితే కొండ కనిపించని ఊళ్లో నడవడం ఇంత బెంగగా ఉంటుందని ఊహించలేదు.

సోమవారం మధ్యాహ్నం విమానం దిగాను. బొలోన్యాలోనే 1874లో పుట్టిన గుల్యెల్మో మార్కోని పేరు విమానాశ్రయానికి పెట్టారు. రేడియో తరంగాల పాఠం చదివిన ప్రతిసారీ విన్న పేరు, ఊళ్లో అడుగుపెట్టగానే ఎదురుకావడం నాకు ఆనందంగా అనిపించింది. అక్కడి నుంచి మోనోరైలు ఏడెనిమిది నిమిషాల్లో పెద్ద రైల్వే స్టేషన్‌కు చేర్చింది. స్టేషన్ బయటి గోడ మీదున్న గడియారం 10:25 చూపిస్తోంది. నా ఫోనులో సాయంత్రం కావస్తోంది. గడియారం పాడైందేమోనని పక్కనున్న ఒక పెద్దావిడను అడిగితే, ఆమె నా చేయి పట్టుకుని వెయిటింగ్ హాల్లోకి తీసుకువెళ్లి ఒక గోడను చూపించారు. 1980 ఆగస్టు 2న ఉదయం సరిగ్గా ఆ సమయానికి అక్కడ బాంబు పేలి 85 మంది చనిపోయారు. పేలుడుకు పగిలిన గోడను పూడ్చకుండా అలాగే ఉంచారు. పక్కనే పలక మీద చనిపోయినవారి పేర్లు, వయసులు చెక్కి ఉన్నాయి. రెండు సూట్‌కేసులతో నిలబడి ఆ పేర్లన్నీ పైనుంచి కింది దాకా చదివాను. నాలాగే సామాన్లతో రైలు కోసం ఎదురుచూసినవాళ్లు కదా వాళ్లంతా! కొత్త ఊరితో నా పరిచయం ఆ గోడ దగ్గరే మొదలైంది.

ఇక ఈ ఊరి పోర్టికోల సంగతి. మన దగ్గర కారు నిలిపే చోటును పోర్టికో అంటాం గానీ, ఇక్కడ అది ఇంటి ముందు వీధి పొడవునా సాగే, కమానుల మీద నిలిచిన వసారా. ఒక ఇంటి వసారా పక్కింటి వసారాతో, అది ఆ పక్కదానితో కలిసిపోయి, పాత నగరంలోనే దాదాపు 40 కిలోమీటర్లు, ఊరంతా కలిపితే 62 కిలోమీటర్లు ఉంటాయి. 2021లో యునెస్కో వీటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వాన పడుతున్నా గొడుగు లేకుండా ఊరి ఈ కొస నుంచి ఆ కొసకు నడిచిపోవచ్చు. కానీ నాలుగు రోజులు నేను దారి తప్పుతూనే ఉన్నాను. ఆ కమానుల కింద ఆకాశం కనిపించదు, సూర్యుడు ఎటున్నాడో తెలియదు, ప్రతి మలుపూ ముందు మలుపులాగే ఉంటుంది.

ఇవి ఎందుకు పుట్టాయో తెలిసిన తర్వాత మాత్రం వాటి మీద నాకు మమకారం కలిగింది. ఈ విశ్వవిద్యాలయం 1088లో మొదలైందని లెక్క. పాశ్చాత్య ప్రపంచంలో ఇదే అన్నిటికంటే పాతది. దూరదేశాల నుంచి విద్యార్థులు, పనివాళ్లు వచ్చిపడుతుంటే ఉండడానికి గదులు చాలక, ఇళ్లవాళ్లు పై అంతస్తులను వీధి మీదికి పెంచి, కింద చెక్క స్తంభాలు నిలబెట్టారు. వద్దని ఆపేయడానికి బదులు, కొత్తగా కట్టే ప్రతి ఇంటికీ పోర్టికో ఉండి తీరాలని 1288లో నగరమే శాసనం చేసింది. గుర్రం మీద కూర్చున్న మనిషి తల తగలకుండా వెళ్లేంత ఎత్తు ఉండాలని కొలత కూడా పెట్టారు. స్థలం ఇంటివాళ్లది, నడిచే హక్కు అందరిదీ. పల్లెలో మా అవ్వ ఇంటి ముందున్న తిన్నె గుర్తొచ్చింది నాకు. ఎండన పడి వచ్చిన ఎవరైనా అక్కడ కూర్చోవచ్చు, ఎవరూ అడగరు.

గదుల కొరత ఏడు వందల ఏళ్ల తర్వాత కూడా తీరలేదు. వచ్చేముందు ఒక గది మాట్లాడుకున్నాను. దిగిన రోజున ఆ ఇంటివారు గది వేరేవాళ్లకు ఇచ్చేశామని సందేశం పంపారు. ఐదు రాత్రులు హాస్టల్లో ఒక మంచం మీద గడిపాను. మదనపల్లె నుంచి వచ్చి ఇక్కడ రెండో సంవత్సరం చదువుతున్న ఒక అక్క, తన స్నేహితురాలు ఖాళీ చేస్తున్న గది గురించి చెప్పి, దగ్గరుండి మాట్లాడకపోతే ఇంకెన్ని రాత్రులు అలా గడిచేవో తెలియదు. మన ఊరి నుంచి రాబోయేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే నాది ఒకటే మనవి: గదిని కళ్లారా చూసి, ఒప్పందం చదివే దాకా డబ్బు కట్టకండి. కనీసం మొదటి పది రోజులకు హాస్టల్ మంచం ఖాయం చేసుకుని బయలుదేరండి.

కాగితాల పని మంగళవారం మొదలైంది. ముందు కావలసింది కోదిచె ఫిస్కాలె అనే పన్ను సంఖ్య. అది లేకుండా ఇంటి ఒప్పందం రాయరు, బ్యాంకు ఖాతా తెరవడమూ కష్టమే. అందులో 16 అక్షరాలూ అంకెలూ ఉంటాయి. ఇంటిపేరులోని హల్లుల్లో మూడు, సొంత పేరులోని హల్లుల్లో మూడు, పుట్టిన సంవత్సరం, నెలకు ఒక అక్షరం, తేదీ, పుట్టిన చోటు, చివర సరిచూసుకోవడానికి ఒక అక్షరం. అమ్మాయిలకు తేదీకి 40 కలుపుతారు కాబట్టి 12వ తేదీన పుట్టిన నాకు 52 వచ్చింది. భారతదేశంలో ఏ ఊళ్లో పుట్టినా చోటు గుర్తు జడ్ 222. తిరుపతి అన్న మాటకు అందులో తావు లేదని చూసి కాసేపు మనసు చివుక్కుమంది. చిత్తూరు జిల్లా నుంచి వేరుపడి తిరుపతి జిల్లా ఏర్పడింది 2022లో. అంతకుముందు తీసుకున్న నా కాగితాల్లో ఒక జిల్లా, తర్వాతి వాటిలో ఇంకో జిల్లా ఉన్నందుకు ఎవరైనా ప్రశ్నిస్తారేమోనని నాయన భయపడి, దాని మీద వివరణ పత్రం కూడా రాయించి పెట్టాడు. ఇక్కడ దాని అవసరమే రాలేదు.

దిగిన ఎనిమిది పనిరోజుల లోపల నివాస అనుమతికి దరఖాస్తు చేయడం చట్టం. పోస్టాఫీసులో దరఖాస్తు కవరు ఇస్తారు. దాని మీద అంటించాల్సిన 16 యూరోల స్టాంపు మాత్రం పొగాకు దుకాణంలో కొనాలి. ప్రభుత్వ స్టాంపులు, బస్సు టికెట్లు ఆ దుకాణాల్లో దొరుకుతాయని తెలియకపోతే ఊరంతా తిరగాల్సిందే. కవరు ఇచ్చినప్పుడు వచ్చే రసీదును పాస్‌పోర్టుతో సమానంగా దాచుకోవాలి, వేలిముద్రలకు పిలిచేది దాన్ని బట్టే.

తరగతులు గురువారం మొదలయ్యాయి. పావు గంట ఆలస్యంగా మొదలుపెట్టడం ఇక్కడ విశ్వవిద్యాలయ సంప్రదాయం. దానికి పేరు కూడా ఉంది. మార్కులు 30కి, 18 వస్తే పాసు, చాలా పరీక్షలు నోటితో చెప్పాల్సినవే. వచ్చిన మార్కు నచ్చకపోతే వద్దని చెప్పి మళ్లీ రాయవచ్చని విన్నప్పుడు రెండుసార్లు అడిగి నిర్ధారించుకున్నాను. ఇదే ఊళ్లో లౌరా బస్సీ 1732లో పట్టా పొంది అధ్యాపకురాలైంది. 1776లో ఆమెకు ప్రయోగ భౌతికశాస్త్ర ఆచార్య పదవి ఇచ్చినప్పుడు, సహాయకుడిగా పనిచేసింది ఆమె భర్త. ఆ ఊరికి భౌతికశాస్త్రం చదవడానికి వచ్చానన్న గర్వాన్ని నేను దాచుకోదలచుకోలేదు.

శాకాహారులకు ఒక్క మాట చెప్పాలి. పాస్తా మీద తురిమి చల్లే పర్మిజానో జున్నును దూడ కడుపు నుంచి తీసిన పదార్థంతో విరగ్గొడతారు. రెండు రోజులు తెలియక తిన్నాను. ఇప్పుడు బియ్యం, పప్పు, అమ్మ కట్టిచ్చిన చెనక్కాయల పొడితో గడుస్తోంది.

శనివారం కొత్త గదిలోకి మారాను. నాలుగో అంతస్తు. సూట్‌కేసు పక్కన పెట్టి కిటికీ తలుపు తీయగానే, నైరుతి దిక్కున పచ్చటి కొండ, దాని నెత్తిన ఎర్రమట్టి రంగు గుడి కనిపించాయి. అక్కను పిలిచి అడిగితే, అది శాన్ లూకా మేరీ మాత గుడి అనీ, ఊరి నుంచి అక్కడి దాకా పోర్టికో ఉందనీ చెప్పింది. ఆ మాట విన్నాక సామాన్లు సర్దడం కూడా సాగలేదు.

ఆదివారం భోజనం చేసి బయలుదేరాను. సారగోజ్జా ద్వారం నుంచి కొండపైకి 666 కమానులు, దాదాపు 3.8 కిలోమీటర్లు. 1674లో మొదటి రాయి వేసి, భక్తుల విరాళాలతో కట్టిన నడకదారి ఇది. ఇచ్చినవాళ్ల పేర్లు గోడల మీద పలకలుగా ఉన్నాయి. అలిపిరి మెట్ల మీద చెక్కిన పేర్లను చిన్నప్పుడు కూడబలుక్కుని చదువుతూ ఎక్కేదాన్ని, అలాగే వీటినీ చదువుతూ నడిచాను. మెలొంచెల్లో అనే కమాను దాటాక అసలు ఎక్కుడు మొదలవుతుంది. దోవ పక్కన 15 చిన్న మందిరాలు ఉన్నాయి. మోకాళ్ల పర్వతమంత కష్టం కాదు గానీ, ఒకచోట ఒక ముసలాయన గోడ పట్టుకుని ఆగి, పెదవులతో ఏదో జపిస్తూ మళ్లీ అడుగు వేయడం చూసినప్పుడు నా కాళ్లు వాటంతటవే నెమ్మదించాయి. పైన మాత, బాల యేసు పటానికి వెండి కవచం ఉంది, ముఖాలు మాత్రమే కనిపిస్తాయి. 1433లో వానలు ఆగక పంటలు కుళ్లిపోతుంటే ఆ పటాన్ని ఊళ్లోకి ఊరేగించారనీ, వాన నిలిచిందనీ చెబుతారు. అప్పటి నుంచి ప్రతి ఏటా అమ్మవారు కొండ దిగి ఊళ్లోకి వస్తుంది. మనం వాన కోసం దేవుణ్ణి ఊరేగిస్తాం, వీళ్లు ఆపమని ఊరేగించారు.

మూడు గంటలకు గుడి ముందు మెట్ల మీద కూర్చుని ఇంటికి ఫోను చేశాను. అక్కడ ఆరున్నర. తిరుమల బ్రహ్మోత్సవాల్లో ఆ రోజు గరుడ వాహన సేవ. ఇంట్లో అందరూ టీవీ ముందు ఉన్నారు. అవ్వ ఫోను తీసుకుంది.

"ఏం పాపా, అన్నం తింటివా? ఆడ కొండ ఉండాదా?"

ఉందన్నాను, ఎక్కేశానన్నాను. కెమెరా తిప్పి కమానుల వరుసను చూపించాను. అవ్వ కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూసింది.

"నీడ బాగుండాది. దోవలో నీళ్లు దొరుకుతాయా?"

ఇంటి నుంచి తెచ్చుకున్న సీసా ఎత్తి చూపించాను. అంతలో అటువైపు నాదస్వరం పెద్దదైంది. వాహనం మాడ వీధి మలుపు తిరుగుతోందని అమ్మ కేకేసింది. అవ్వ మరి మాట్లాడకుండా ఫోనును టీవీకి ఎదురుగా పట్టుకుంది.