బానెట్ మీద చెయ్యి పెట్టి చూస్తే

ఒక పాత కారు కొందామని చూడ్డానికి పొద్దున ఆరున్నరకే వెళ్లాం, తమ్ముడూ నేనూ. "రేపు మేం వచ్చేదాకా బండి స్టార్ట్ చేయకండి బాబాయ్" అని ముందురోజు రాత్రే ఫోన్లో చెప్పాను. చాయ్ తాగి వాకిట్లోకి వచ్చి బానెట్ మీద చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది, అంటే మేం రాకముందే స్టార్ట్ చేశారు.

"పక్కకు జరిపి కడిగిన బిడ్డా" అన్నారు ఆయన.

జరిపి ఉండొచ్చు. ఆయన మా మరదలికి మేనమామ. తమ్ముడు అప్పటికే ఐదు వేలు బయానా ఇచ్చేశాడు. ఇక నేను ఎక్కువ అడిగితే చుట్టరికం మధ్యలోకి వస్తుంది.

2013 డీజిల్ బండి, ఏపీ 24 నంబరు. మీటర్లో 1,12,000 కిలోమీటర్లు. ధర 2,40,000 చెప్పారు. ఆర్సీ 2028 దాకా ఉంది, ఆ తర్వాత ఫిట్‌నెస్ చేయించి గ్రీన్ ట్యాక్స్ కడితే ఇంకో ఐదేళ్లు వస్తుంది. ఫైనాన్స్ బాకీ లేదు, చలాన్లు రెండే. కాగితాల్లో వంక పెట్టడానికి ఏమీ లేదు.

మాకు కారు కావాల్సింది బాపు కోసం. ఆయనకు వారానికి రెండుసార్లు నల్లగొండలో డయాలసిస్. హాలియా నుంచి కిరాయి కారులో వచ్చి పోవడానికి 1,500, అంటే నెలకు పన్నెండు వేలు. నల్లగొండలో మా ఇంట్లోనే ఉండమంటే బర్రెలను ఎవరు చూస్తారంటాడు. డయాలసిస్ అయ్యాక ఆ మనిషి మొహంలో నెత్తురు ఉండదు. మే నెలలో, ఎండ నలభై నాలుగు దాటిన రోజు, ఆయన్ని రోడ్డు పక్కన నిలబెట్టే కారు మాకు వద్దు. నేను చూసిందల్లా ఈ లెక్కతోనే చూశాను.

పానగల్ దాకా నడిపి చూస్తే బండి బాగానే పోయింది. ఏసీ చల్లగా ఉంది, టెంపరేచర్ ముల్లు కదల్లేదు. తమ్ముడి మొహం వెలిగిపోయింది. నాకు మాత్రం ఆ వెచ్చదనం మనసులోంచి పోలేదు. పొద్దున్నే చల్లటి ఇంజన్‌ను చూడొచ్చని, ఒక్క రాత్రి బండిని మా ఇంటి ముందు పెట్టుకుంటామని అడిగాను. కొంచెం ముఖం ముడుచుకున్నా తాళాలు ఇచ్చారు.

మరునాడు పొద్దున మా మెకానిక్ భాయ్ వచ్చాడు. చల్లటి ఇంజన్ మీద రేడియేటర్ మూత తీశాడు. ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ లేదు. తుప్పు రంగు నీళ్లు, గొంతు చుట్టూ తెల్లటి పెచ్చు. మన బోరు నీళ్లు కాచిన గిన్నెకు అడుగున పట్టే పెచ్చే అది. "ఏండ్ల సంది బోరు నీళ్లే పోసిండ్రు మేడం" అన్నాడు.

తాళం తిప్పగానే, ఇంజన్ ఇంకా వేడెక్కకముందే, ఫ్యాన్ తిరగడం మొదలుపెట్టింది. భాయ్ నా వైపు చూశాడు. "ఫ్యాన్ డైరెక్ట్ చేసిండ్రు. వాల్వ్ కూడా తీసేసినట్టున్నరు." అంటే థర్మోస్టాట్. ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను ఆపి, తర్వాత వదిలే చిన్న వాల్వ్ అది. దాన్ని తీసేసి, ఫ్యాన్‌కు నేరుగా కరెంటు కలిపితే ఊళ్లో తిరిగినంతసేపు ముల్లు పైకి లేవదు. జబ్బు నయం కాదు, జ్వరం కనిపించదు, అంతే.

నిన్న ముల్లు ఎందుకు కదల్లేదో అప్పుడు అర్థమైంది.

రేడియేటర్ నీళ్లలో బుడగలు మొదలయ్యాయి. మూత పెట్టించి, పై గొట్టం పట్టుకోమన్నాడు. ఇంజన్ ఇంకా చల్లగానే ఉంది, గొట్టం మాత్రం రెండు నిమిషాల్లో రాయిలా బిగుసుకుంది. పీడనం పెరిగితే నీరు ఎక్కువ వేడి దగ్గర మరుగుతుందని ప్రెషర్ కుక్కర్ చూపించి పిల్లలకు చెబుతుంటాను. రేడియేటర్ మూత పని కూడా అదే. కానీ నీళ్లు కాగకముందే ఇంత పీడనం వచ్చిందంటే అది ఆవిరి కాదు, సిలిండర్లోని గ్యాస్. హెడ్ ప్యాకింగ్ పోయింది, అంటే ఇంజన్ బ్లాకుకూ పైన బిగించే హెడ్‌కూ మధ్య ఉండే పలచటి పొర. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ మాత్రం శుభ్రంగానే ఉంది, నీళ్లు కలవలేదు.

ప్యాకింగ్, ఫేసింగ్ (హెడ్ అడుగును గీసి చదును చేయడం), వాటర్ పంప్, కూలెంట్ అన్నీ కలిపి ముప్పై వేలు అన్నాడు భాయ్. హెడ్ పగిలి ఉంటే ఇంకో నలభై. తమ్ముడు వెంటనే లెక్క వేశాడు: "రెండు లక్షలకు అడుగుదాం, రిపేర్ చేయించుకుందాం." తప్పు లెక్కేమీ కాదు. నన్ను ఆపింది ఖర్చు కాదు, ఆ ఫ్యాన్ వైరు. బండి వేడెక్కుతోందని తెలిసే ఎవరో దాన్ని కలిపారు. అలా ఎన్ని నెలలు నడిపారో ఏ మీటరూ చెప్పదు.

నేనే వెళ్లి ఆయనకు ఒక మాట చెప్పాను. "మా ఖర్చుతో హెడ్ దింపిస్తాం బాబాయ్. బాగుంటే 1,95,000కు తీసుకుంటాం. బాగా లేకపోతే కొత్త ప్యాకింగ్ వేయించి, బండి మీ ఇంటికి చేరుస్తాం." నమ్మకం లేదా అన్నారు. మరదలు వంటింట్లో నాతో రెండు రోజులు ముక్తసరిగా మాట్లాడింది. మూడో రోజు ఆయనే ఫోన్ చేసి, కానీయండి అన్నారు.

స్కూల్లో ఒక పూట సెలవు పెట్టి షెడ్డు దగ్గరే కూర్చున్నాను. హెడ్ దింపి, తుడిచి, దాని మీద స్టీలు స్కేలు నిలబెట్టి, వెనక నుంచి సెల్‌ఫోన్ లైటు వేశాడు భాయ్. రెండో సిలిండర్‌కూ మూడో సిలిండర్‌కూ మధ్య సన్నటి వెలుగు గీత. అల్యూమినియం హెడ్ కాగి కాగి వంగిపోయింది. వంగితే ఫేసింగ్ చేయించవచ్చు కదా అన్నాడు తమ్ముడు. భాయ్ హెడ్ మందం కొలిచి, ఇంకోసారి కొలిచి, తల అడ్డంగా ఊపాడు. "ఇది ఇదివరకే ఒకసారి ఫేసింగ్ అయింది అన్నా. ఇంక తీయడానికి జాగ లేదు."

బయానా ఆయన మరునాడే తిరిగి పంపారు. హెడ్ దింపి, కొత్త ప్యాకింగ్ వేసి బిగించడానికి మాకు తొమ్మిది వేలు అయింది. హెడ్ వంకర మాత్రం పోలేదని, ప్యాకింగ్ మళ్లీ పోతుందని, ఇంకెవరికైనా అమ్మితే ఈ సంగతి దాచొద్దని ఆయనకు చెప్పాను. సరేనన్నారు.

శుక్రవారం బాపును తీసుకురావడానికి కిరాయి కారుకే చెప్పాం. విషయమంతా ఫోన్లో చెబితే బాపు విని, "మిర్యాలగూడలో ఒక పెట్రోల్ బండి ఉందంట, చూస్తవా?" అన్నాడు. ఆదివారం పొద్దున వెళ్తున్నాం. వాళ్లకూ చెప్పాను, మేం వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని.