సూపరింటెండెంట్ సారు దిగిపోతే తర్వాత ఎవరు?

సర్కారు నౌకరీలో చేరిన రోజే రిటైర్మెంట్ తేదీ తెలిసిపోతుంది, సర్వీస్ రిజిస్టర్‌లో పుట్టిన తేదీ ఉంటుంది కదా. అయినా మన పెద్దాసుపత్రుల్లో సూపరింటెండెంట్ దిగిపోయే నెల చివరి రోజు దాకా తర్వాత ఎవరనే మాట ఎవరూ ఎత్తరు. ఆ రోజు శాలువాలు, దండలు, బిర్యానీ. సాయంత్రానికి సీనియారిటీ లిస్టులో పైనున్న డాక్టరు చేతికి ఇన్‌చార్జి ఆర్డరు. ఆయన మంచి సర్జనే కావచ్చు, కానీ శానిటేషన్ కాంట్రాక్టరు బిల్లులో ఎక్కడ కోత పెట్టాలో, ట్రెజరీ వాళ్లు ఆబ్జెక్షన్ పెడితే ఏం రాసి పంపాలో ఆయనకు ఎవరు నేర్పారు?

నేను ఒక ఆస్పత్రి ఆఫీసులో పనిచేస్తాను, ఏ ఊరో వద్దులెండి. చార్జి అప్పగింత కాగితంలో బీరువా తాళాలు, క్యాష్‌బుక్, స్టాంపులు అన్నీ ఉంటాయి. అర్ధరాత్రి ఆక్సిజన్ ట్యాంకర్ రాకపోతే ముందు ఎవరికి ఫోన్ కొట్టాలో మాత్రం ఉండదు, అది పాత సారు తలలోనే ఉండి ఆయనతోపాటే ఇంటికి పోతుంది. మా దగ్గర కొత్త సారు నమూనా సంతకం ట్రెజరీకి చేరి, డిజిటల్ సిగ్నేచర్ వచ్చేదాకా బిల్లులన్నీ ఆగిపోయాయి. వార్డు ఆయమ్మలు రోజూ నా టేబుల్ దగ్గరికొచ్చి "సారూ, జీతం ఎప్పుడైతది?" అని అడుగుతుంటే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మన దిక్కు ఇంకో చిక్కుంది. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండలో 2019లో, నాగర్‌కర్నూల్, వనపర్తిలో 2022లో సర్కారు మెడికల్ కాలేజీలు వచ్చాయి. అంటే కాలేజీకో ప్రిన్సిపాల్, ఆస్పత్రికో సూపరింటెండెంట్ కావాలి. అంత సీనియర్లు ఇక్కడ ఎక్కడున్నారు? హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్ల మనసు మళ్లీ హైదరాబాద్ మీదే. 2019లోనే బోధనా డాక్టర్ల రిటైర్మెంట్ వయసు 58 నుంచి 65కు పెంచారు, దాంతో కొంత టైం దొరికింది నిజమే, కానీ ఆ టైంలో వెనక ఎవరినైనా తయారు చేయకపోతే ఏం లాభం?

నన్నడిగితే ఒక్కరి పేరే ముందు ప్రకటించడం మంచిది కాదు, ఆ రోజు నుంచే గ్రూపులు కడతారు. ఇద్దరు ముగ్గురు నడివయసు డాక్టర్లకు ఒకరికి స్టోర్స్, ఒకరికి శానిటేషన్, ఒకరికి ఆరోగ్యశ్రీ అని ఇచ్చి, ఏడాదికోసారి మార్చాలి. సారు సెలవు పెడితే వాళ్లలో ఒకరికి పూర్తి చార్జి ఇవ్వాలి, ఫైళ్లన్నీ సారు ఇంటికి మోయించుకునే పద్ధతి బంద్ కావాలి. పక్కన కూర్చుని చూస్తే పని రాదు, సంతకం పెట్టి ఆడిట్ వాళ్లకు జవాబు చెప్పుకుంటేనే వస్తుంది. కొందరు సార్లకు ఇది నచ్చదు, "నేనింకా ఉండగానే నా కుర్చీకి పోటీయా" అంటారు.

నర్సింగ్ సూపరింటెండెంట్ సంగతి అయితే అసలు ఎవరికీ గుర్తే రాదు. వార్డులు నడిచేదేమో ఆమె మీద.