ఎస్మా నోటీసుకు నేను రాసిన సంజాయిషీ

నేను కోనసీమలో అంగన్‌వాడీ టీచర్ని. 2023 డిసెంబరు 12న రాష్ట్రమంతా సమ్మెలోకి దిగాం. అప్పుడు టీచరుకు నెలకు 11,500, ఆయాకు 7,000. కాగితాల మీద అది జీతం కూడా కాదు, గౌరవ వేతనం. సమ్మె మొదలైన కొద్ది రోజులకే సెంటర్ల తాళాలు పగలగొట్టి సచివాలయం సిబ్బందితో నడిపించారు. గుడ్లు, బాలామృతం ఎవరైనా పంచుతారు. ఏ పిల్లకు ఏది పడదో వాళ్లకెలా తెలుస్తుంది?

జనవరి 6న ఎస్మా, అంటే అత్యవసర సేవల నిర్వహణ చట్టం కింద జీవో నంబర్ 2 వచ్చింది. మావి అత్యవసర సేవలట, ఆరు నెలలు సమ్మె చేయకూడదట. తర్వాత నోటీసు మా ఇంటి తలుపుకి అంటించి వెళ్లారు. నేను సమ్మె టెంటులో ఉన్నాను. అత్తయ్యగారు పక్కింటి కుర్రాడితో చదివించుకుని, "పోలీసులొస్తారా అమ్మాయ్?" అని ఫోన్‌లో ఏడ్చారు. మా ఆయన కొబ్బరి దింపు పనికి వెళ్తారు. నెలనెలా తప్పకుండా వచ్చే డబ్బు నాదొక్కటే. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

యూనియన్‌లో ఒక సీనియర్ టీచరుగారు ధైర్యం చెప్పారు. తమిళనాడులో 2003లో సమ్మె చేసిన లక్షన్నర మందికి పైగా ఉద్యోగులను ఒక్క దెబ్బతో తీసేశారు. ఉద్యోగులకు సమ్మె హక్కు లేదని సుప్రీంకోర్టు కూడా అంది. అయినా మరుసటి ఏడాది లోక్‌సభ ఎన్నికల్లో అక్కడి అధికార పార్టీకి ఒక్క సీటూ రాలేదు. "జవాబివ్వకుండా ఊరుకోవద్దు, క్షమించమనీ రాయొద్దు. నీ మాటల్లోనే రాయి" అన్నారావిడ.

అలాగే రాశాను. జీతం అడిగితే మీరు ఉద్యోగులు కాదు, స్వచ్ఛంద సేవకులు అంటున్నారు. పథకాలకు వెళ్తే ప్రభుత్వ జీతం ఉందని మా ఇంటివాళ్ల పేర్లను జాబితాలోంచి తీసేస్తున్నారు. సమ్మె చేస్తే అత్యవసర సేవ అంటున్నారు. ఈ మూడింటిలో మేం ఏమిటో ముందు చెప్పండి అని అడిగాను. అంగన్‌వాడీలకు గ్రాట్యుటీ వర్తిస్తుందని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పునూ ప్రస్తావించాను. ఆఫీసులో కాగితం తీసుకుంటాం గానీ స్టాంపు వేయం అన్నారు. అక్కడ ఇవ్వకుండా రిజిస్టర్ పోస్టులో, అక్నాలెడ్జ్‌మెంటు పెట్టి పంపాను. రిజిస్టర్ పోస్టు 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది కాబట్టి, ఇప్పుడు నోటీసు వచ్చినవాళ్లు ఎవరైనా స్పీడ్ పోస్టులో, అందినట్టు రుజువు ఉండేలా పంపండి.

సంక్రాంతి టెంటులోనే గడిచింది. కనుమనాడు జగ్గన్నతోట తీర్థానికి వెళ్లేవాళ్లు ఆగి మరీ, మా డిమాండ్లకు మద్దతుగా మేం సేకరిస్తున్న కోటి సంతకాల కాగితాల మీద సంతకం పెట్టారు. అందులో మా సెంటర్ పిల్లల తల్లులూ ఉన్నారు.

42 రోజుల తర్వాత చర్చలు కుదిరి సమ్మె విరమించాం. చేరేటప్పుడు ఒక విషయంలో పట్టుబట్టాను. మేం లేనప్పుడు వాడిన సరుకు నా లెక్కలోకి రాకూడదు. సూపర్‌వైజర్ మేడం ముందే స్టాకు లెక్కబెట్టించి, ఆవిడ సంతకం తీసుకున్నాకే తాళం చెవులు పుచ్చుకున్నాను. చాలామంది తొందరలో ఈ పని చేయలేదు, తర్వాత రిజిస్టర్లతో అవస్థ పడ్డారు.

2024 మే 13న అసెంబ్లీ ఎన్నికలకు ఓట్లు పడ్డాయి. పాత ఉభయ గోదావరి జిల్లాల 34 స్థానాల్లో ఒక్కటి కూడా అప్పటి అధికార పార్టీకి దక్కలేదు. అది మా వల్లే అనను, కారణాలు చాలా ఉన్నాయి. కానీ మా ఊళ్లో ఓటడగడానికి వచ్చినవాళ్లను ఆడవాళ్లు నిలబెట్టి అడిగింది ఎస్మా గురించే.

ఆ జీవో గడువు ఎప్పుడో తీరింది. 1971 నాటి చట్టం మాత్రం అలాగే ఉంది. ఏ ప్రభుత్వమైనా రేపు మళ్లీ బయటికి తీయొచ్చు. అందుకే ఇక మీదట ఓటడిగేవాళ్లను మేం అడిగేది ఒకటే: అంగన్‌వాడీల మీద ఎస్మా పెట్టబోమని కాగితం మీద రాసిస్తారా?