దైవం ఐదోది

పోయిన ఏడాది ఆషాఢంలో విశాఖలోని సింహాచలం గిరి ప్రదక్షిణకు, అంటే అప్పన్న స్వామి కొండ చుట్టూ నడకకు, మా మేనల్లుడిని వెంటబెట్టుకుని వెళ్లాను. వాడు బీటెక్ పూర్తిచేసి రెండేళ్లయింది. ద్వారకానగర్‌లో కోచింగ్, అది అవగానే అక్కడే పౌర గ్రంథాలయంలో చదువు, చీకటి పడ్డాక రూముకి. రెండుసార్లు పరీక్ష రాశాడు, రెండుసార్లూ కొద్ది మార్కుల్లో పోయింది. కొండ కింద తొలిపావంచా, అంటే మొదటి మెట్టు దగ్గర కొబ్బరికాయ కొట్టి నాలుగడుగులు వేశామో లేదో అడిగాడు.

"మావయ్యా, 32 కిలోమీటర్లు నడిస్తే అప్పన్న ఉద్యోగం ఇచ్చేస్తాడా?"

వెటకారంగా అడగలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. అలాంటి ప్రశ్నకి ఏదో ఒకటి చెప్పేసి ఊరుకోబుద్ధి కాలేదు. అడవివరం దాటి హనుమంతవాక వచ్చేదాకా ఆలోచిస్తూనే నడిచాను. చుట్టూ జనం, గోవింద నామం, మధ్యమధ్యలో చినుకులు, రోడ్డు పక్కన పులిహోర, మజ్జిగ పంచుతున్నవాళ్లు. అప్పుడు వాడికి గీత 18వ అధ్యాయంలోని 14వ శ్లోకం చెప్పాను.

అధిష్ఠానం తథా కర్తా కరణం చ పృథగ్విధమ్ ।
వివిధాశ్చ పృథక్చేష్టా దైవం చైవాత్ర పంచమమ్ ॥

ఏ పని నెరవేరాలన్నా ఐదు కలవాలంటాడు కృష్ణుడు. పని జరగడానికి ఆధారమైన చోటు, అంటే శంకరుల మాటలో ఈ శరీరం. ఆ పని చేసేవాడు. రకరకాల పనిముట్లు. వేరువేరు ప్రయత్నాలు. ఐదోది దైవం. ఆ దైవం అంటే కన్నుకు సూర్యుడిలా ఒక్కో ఇంద్రియానికి తోడ్పడే దేవతలని శంకరులు చెప్పారు. లోపల ఉండి నడిపించే పరమాత్మేనని రామానుజులు చెప్పారు. నాకు రామానుజుల అర్థం దగ్గరగా అనిపిస్తుంది. అప్పన్న కొండ నీడలో పెరిగినవాణ్ణి కదా! మా వైపు ఏ వీధిలో చూసినా ఒక అప్పలరాజో, ఒక అప్పలనరసమ్మో, ఒక సింహాచలమో ఉంటారు. ఆయన మాకు ఇంటి మనిషి.

ఈ వరుసను నేను చాలా ఆలస్యంగా పట్టుకున్నాను. గాజువాక వైపు ఒక ప్రైవేటు కంపెనీలో ఫిట్టర్‌గా పదిహేనేళ్లు చేశాక, సూపర్‌వైజర్ పోస్టు నాకే వస్తుందని గట్టిగా నమ్మాను. నాకన్నా ఎనిమిదేళ్లు చిన్నవాడికి ఇచ్చారు. మేనేజరు మీద కోపం వచ్చింది. అంతకన్నా ఎక్కువ అప్పన్న మీద వచ్చింది. ప్రతి ఏటా నడిచాను కదా, మొక్కు ఎప్పుడూ తప్పలేదు కదా అని. ఆ కోపంలో రెండేళ్లు కొండ ఎక్కలేదు. ఆ తర్వాత ఒక రాత్రి షిఫ్టులో ఆ కుర్రవాడు కంప్యూటర్‌లో డ్రాయింగ్ తెరిచి, కొలత ఎక్కడ తేడా వచ్చిందో నిమిషంలో చూపించాడు. నాకు కాగితం మీదైతేనే తెలుస్తుంది. అతను డ్యూటీ దిగాక నిద్ర మానుకుని అది నేర్చుకున్నాడట.

ఇంటికొచ్చి ఈ శ్లోకం మళ్లీ చదివాను. "కరణం చ పృథగ్విధమ్". పనిముట్లు రకరకాలు. నా దగ్గర ఒకటే రకం ఉంది. మూడోదాంట్లో లోటు పెట్టుకుని ఐదోదాన్ని తిట్టాను. నలభై ఒకటో ఏట, మా పిల్లల వయసువాళ్ల పక్కన కూర్చుని ఆ కోర్సు నేర్చుకున్నాను. సూపర్‌వైజర్ అవడానికి ఇంకో మూడేళ్లు పట్టింది. అయినరోజు సాయంత్రం కొండకి వెళ్లి చాలాసేపు కూర్చున్నాను.

ఇదంతా చెప్పేసరికి అప్పూఘర్ వచ్చింది. అందరితో పాటు మేమూ సముద్రంలో మునిగి లేచాం. తల తుడుచుకుంటూ వాడు ఇంకో మాట అడిగాడు. దేవుణ్ణి ఉద్యోగం కావాలని అడగడం స్వార్థం కదా, కోరిక ఉండకూడదంటారు కదా అని. నాకు మనసు చివుక్కుమంది. చోడవరంలో వాళ్లమ్మ రాత్రి పదింటిదాకా కుట్టు మిషన్ మీద ఉంటుంది. ఆ మిషన్ ఆపించాలన్నది వీడి కోరిక. అది పాపం ఎలా అవుతుంది? "ధర్మావిరుద్ధో భూతేషు కామోఽస్మి" అని ఏడో అధ్యాయంలో స్వామే చెప్పాడు. ధర్మానికి అడ్డుపడని కోరిక నేనే అన్నాడు. పైకి రావాలన్న పట్టుదల ఉన్న పిల్లల్ని 'ఆశ ఎక్కువ' అని కోప్పడే పెద్దలు ఈ మాట ఒకసారి చదవాలి. పరీక్ష పేపరు ముందే కొనుక్కుని ఉద్యోగం కొట్టాలనుకుంటే అది వేరు, అక్కడ ధర్మం తెగిపోయింది.

ఇసుకతోట దాటాక కాళ్లు బరువెక్కాయి. మాధవధార చేరేసరికి వాడి అరికాళ్లకి బొబ్బలు. ఒక షెడ్డు కింద కూర్చున్నప్పుడు చందనం సంగతి చెప్పాను. స్వామి ఏడాదంతా చందనం పూతలోనే ఉంటాడు, అక్షయ తృతీయనాడు ఒక్కరోజే ఆయన నిజరూపం చూస్తాం. ఆ రాత్రి మళ్లీ చందనం పూస్తారు. అదైనా మొత్తం ఒకేసారి పూయరు. ఆ రోజు మూడు మణుగులు, వైశాఖ పౌర్ణమికి మూడు, జ్యేష్ఠ పౌర్ణమికి మూడు, చివరి మూడు మేం నడిచి చేరుకునే ఈ ఆషాఢ పౌర్ణమికి. ముందు ఆ చెక్కంతా రాతి మీద నీళ్లు చల్లుకుంటూ చేత్తో అరగదీయాలి. ఎన్ని రోజుల అరగదీత! దర్శనానికి వెళ్లినవాళ్లకి ఆ పూత కనిపిస్తుంది, అరగదీసిన చేతులు కనిపించవు. 'వివిధాశ్చ పృథక్చేష్టా' అనే మాట దగ్గర నాకు ఎప్పుడూ ఆ చేతులే గుర్తొస్తాయి.

వాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "నాకు ఇంగ్లీష్‌లో మార్కులు పోతున్నాయి మావయ్యా. రెండుసార్లూ అక్కడే పోయాయి. దాని జోలికి వెళ్లకుండా లెక్కలే చేస్తూ కూర్చున్నాను" అన్నాడు.

తెల్లారేసరికి గోపాలపట్నం మీదుగా మళ్లీ కొండ కిందికి వచ్చాం. క్యూలో మూడు గంటలు నిలబడ్డాం. చందనం నిండిన స్వామి ముందు నిలబడింది నాలుగు క్షణాలే. వాడు ఏం కోరుకున్నాడో నేను అడగలేదు.

తర్వాత రెండు రోజులు వాడు మంచం దిగలేదు. మూడోరోజు గ్రంథాలయానికి ఇంగ్లీష్ వ్యాకరణం పుస్తకంతో వెళ్లాడు. మొన్న రాసిన పరీక్ష ఫలితం ఇంకా రాలేదు. వచ్చే ఆషాఢానికి మళ్లీ నడుద్దామని నిన్న ఫోన్ చేశాడు. నేను రోజూ పొద్దున్నే బీచ్ రోడ్డులో నడక మొదలుపెట్టాను. మోకాలు కొంచెం నొప్పి పెడుతోంది గానీ, అప్పటికి సర్దుకుంటుంది.